“కూలగొడదాం” అంటే దేన్ని? ఒక న్యాయవాదిపై రాజద్రోహం కేసు, ఎఫ్ఐఆర్ నుంచి క్వాష్ (హైకోర్టు కేసు కొట్టేయడం) దాకా

తెలుగు రాష్ట్రాల్లో ఒక జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది మీద 2021లో నమోదైన కేసు ఇది. ఊరు, ఎఫ్ఐఆర్ నంబరు, భూమి ఏ ప్రాజెక్టు కోసమన్నది ఇక్కడ ఉండవు. ప్రసంగంలోని మాటలనూ అర్థం చెడకుండా కొద్దిగా మార్చాం. వాక్ స్వాతంత్ర్యం మీద ఎంత వాదించినా కదలని కేసు, ప్రసంగం మొత్తాన్ని పొల్లుపోకుండా రాసి జడ్జి ముందు పెట్టాక కదిలింది. రాయడానికి కారణం అదే.

నేపథ్యం

భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన గ్రామంలో రైతులు సభ పెట్టుకుని, చట్టం ఏం చెబుతోందో వివరించమని ఈ న్యాయవాదిని పిలిచారు. ఆయన రచ్చబండ దగ్గర 41 నిమిషాలు మాట్లాడారు. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ కింద అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఎలా లెక్కపెట్టాలి, అర్జీలో ఏం రాయాలి, 12వ సెక్షన్ ప్రకారం సర్వేకు వచ్చేవాళ్లు ఏం పాటించాలి, ఎక్కువ భాగం ఇదే. చివర్లో గొంతు పెరిగింది. ఆ చివరి భాగం నుంచి తీసిన 38 సెకన్ల వీడియో మూడో రోజుకల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఐదో రోజున ఫిర్యాదు అందింది, ఆ సాయంత్రమే ఎఫ్ఐఆర్ అయింది.

పెట్టినవి ఐపీసీ 124ఏ (రాజద్రోహం), 153ఏ (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం), 505(2) (వర్గాల మధ్య ద్వేషం రేపే ప్రకటనలు). 124ఏకి గరిష్ఠ శిక్ష యావజ్జీవం, కాబట్టి నాన్‌బెయిలబుల్. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టుకు ముందు నోటీసు ఇవ్వాలంటూ 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఇచ్చిన రక్షణ ఇలాంటి కేసులో నేరుగా అందదు. మిగతా రెండు సెక్షన్లే ఉండుంటే 41ఏ నోటీసుతో పోయేది. ఒక్క 124ఏ చేరడంతో ముందస్తు బెయిల్ కోసం పరుగు మొదలైంది. పోలీసులకు ఈ సెక్షన్ మీద మక్కువ ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. శిక్ష పడుతుందా లేదా అన్నది ఏళ్ల తర్వాతి సంగతి, అరెస్టు మాత్రం ఇవాళే చేయొచ్చు.

1870లో చేర్చిన ఈ సెక్షన్ తెలుగువాళ్లకు కొత్తది కాదు. బెజవాడ ‘స్వరాజ్య’ సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో దీనికిందే జైలుకెళ్లారు. న్యాయవాది విషయంలో మాత్రం దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది. 1922లో అహ్మదాబాద్ కోర్టు గాంధీకి ఆరేళ్ల శిక్ష వేశాక, లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ బారిస్టర్ల జాబితా నుంచి ఆయన పేరు తీసేసింది. మళ్లీ చేర్చింది 1988లో. జైలు ఒక భయం, సనదు (ప్రాక్టీసు అనుమతి) పోవడం ఇంకో భయం. ఈ కేసులోనూ ఎఫ్ఐఆర్ అయిన పదిరోజుల్లో బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్లింది.

అసలు చిక్కు

ఎఫ్ఐఆర్‌లో ఎత్తిరాసిన మాటలివి: “ఇంకెన్నాళ్లు ఓపిక పడతారు? కూలగొడదాం. అందరం కలిసి కూలగొడదాం. ఊళ్లో అడుగు పెట్టనివ్వొద్దు.” దాని కింద ఫిర్యాదుదారు తాత్పర్యం: ప్రభుత్వాన్ని కూల్చాలనీ, అధికారులను ఊళ్లోకి రానివ్వొద్దనీ జనాన్ని రెచ్చగొట్టారు.

ప్రసంగంలో అన్నవి ఇవి: “ఈ నోటిఫికేషన్‌లో సర్వే నంబర్లే తప్పు. హైకోర్టుకెళ్తే ఇది నిలబడదు. ఇంకెన్నాళ్లు ఓపిక పడతారు? కూలగొడదాం. అందరం కలిసి కూలగొడదాం.” ఆ తర్వాత నాలుగు నిమిషాలు వకాల్తాలు, ఖర్చుల సంగతి. ఆ తర్వాత: “నోటీసు ఇవ్వకుండా సర్వేకి ఎవరొచ్చినా ఊళ్లో అడుగు పెట్టనివ్వొద్దు.”

తెలుగులో కర్మను, అంటే పని దేని మీద జరుగుతుందో ఆ మాటను, ముందు వాక్యంలో చెప్పేసి, తర్వాతి వాక్యంలో వదిలేయడం మన సహజ ధోరణి. “అన్నం వండాను, తినేసి పో” అంటే ఏం తినాలో మళ్లీ చెప్పం. ముందు వాక్యాన్ని కత్తిరించారంటే ఆ ఖాళీలో ఎవరికి నచ్చిన కర్మను వాళ్లు పెట్టుకోవచ్చు. ఇక్కడ నోటిఫికేషన్ ఉండాల్సిన చోట ప్రభుత్వం వచ్చి కూర్చుంది. తెలుగు ప్రసంగాల మీద కేసు వస్తే ముందుగా వెతకాల్సింది ఈ జారిపోయిన కర్మనే.

మొదట చేసినవి, బెడిసికొట్టినవి

ఎఫ్ఐఆర్ అయిన రాత్రే, ఎవరినీ అడక్కుండా, ఆయన రెండు పనులు చేశారు. తన ఫేస్‌బుక్ పేజీలో ఉన్న పూర్తి వీడియో తీసేశారు. “నా మాటలు ఎవరినైనా బాధపెట్టి ఉంటే క్షమించండి” అని ఒక పోస్టు పెట్టారు.

రెండో పని వెనకున్న ఆలోచన అర్థమవుతుంది. న్యాయవాదులకు బాగా తెలిసింది కోర్టు ధిక్కారం. 1971 నాటి ధిక్కార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కోర్టుకు నమ్మకం కలిగేలా క్షమాపణ చెబితే శిక్ష తప్పించుకోవచ్చు. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. రాజద్రోహంలో క్షమాపణకు చట్టపరమైన ఫలం ఏమీ లేదు. పైగా తప్పుడు ఉద్దేశంతోనే అన్నానని ఒప్పుకున్నట్టు వాడతారు. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) సరిగ్గా అదే చేశారు, ముందస్తు బెయిల్ కౌంటర్‌లో ఆ పోస్టు ప్రింటవుట్ జతచేశారు. వీడియో తీసేయడాన్నేమో సాక్ష్యం మాయం చేయడంగా చూపించారు. తమను కాపాడే ఏకైక సాక్ష్యాన్ని నిందితులే చెరిపేయడం ఈ తరహా కేసుల్లో మామూలైపోయింది.

బార్ అసోసియేషన్‌లో రెండు వర్గాలు రెండు రకాలుగా కదిలాయి. ఆయన తరఫున ఎవరూ వకాల్తా వేయకూడదని తీర్మానం పెడదామన్నారు కొందరు. అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010 డిసెంబరులో ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో తేల్చిచెప్పింది. ఆ తీర్పు కాపీ అధ్యక్షుడికి అందాక ప్రతిపాదన ఆగిపోయింది. మద్దతుగా విధులు బహిష్కరిద్దామన్నారు ఇంకొందరు. దీన్ని ఆపడమే కష్టమైంది. సమ్మె హక్కు లేదని హరీశ్ ఉప్పల్ తీర్పు ఉండనే ఉంది. అంతకంటే ముఖ్యం, బహిష్కరణ పెట్టిన రోజే ఆయన సొంత బెయిల్ పిటిషన్ విచారణకు ఉంది. ఆరోజు వాయిదా పడితే మధ్యలో అరెస్టు జరిగేది.

సెషన్స్ కోర్టులో వేసిన ముందస్తు బెయిల్ పిటిషన్ కొట్టేశారు. పిటిషన్ పదిహేను పేజీలు, అందులో పన్నెండు వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) అధికరణం మీదే. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఈ సెక్షన్‌ను నిలబెడుతూనే, హింసకు పురికొల్పే లేదా శాంతిభద్రతలను చెదరగొట్టే ఉద్దేశమో, ధోరణో ఉన్న మాటలకే అది వర్తిస్తుందని గిరి గీసిందని వివరంగా రాశారు. చట్టం సరిగ్గానే రాశారు. అయితే జడ్జి దగ్గరున్న మాటలు ఎఫ్ఐఆర్‌లోని నాలుగు వాక్యాలే. ఆ నాలుగు వాక్యాలు నిజమనుకుంటే కేదార్‌నాథ్ గీతకు అవతల పడే అవకాశం కనిపిస్తుంది. వాస్తవాలు అవతలివాళ్లవి, చట్టం మనది అన్నట్టు వాదించడమే అక్కడ పొరపాటు.

ప్రభుత్వ అనుమతి లేదన్న అభ్యంతరమూ అప్పుడే లేవనెత్తారు. సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 196 కింద అనుమతి కావాల్సింది కోర్టు కేసును స్వీకరించేటప్పుడే. ఎఫ్ఐఆర్‌కూ దర్యాప్తుకూ అది అడ్డం కాదు. తొందరపడి వాడినందుకు ఆ వాదన అప్పుడు తేలిపోయింది.

ట్రాన్స్‌క్రిప్టు ఎలా తయారైంది

సభకు వచ్చిన ఒక రైతు కొడుకు ఫోన్‌లో మొత్తం 41 నిమిషాలూ ఉంది. అదే ప్రాణం పోసింది. దాన్ని వాట్సాప్‌లో పంపించుకోలేదు, పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, అసలుకీ నకలుకీ హ్యాష్ విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) కలవదు. ఫోన్ నుంచి కేబుల్‌తో నేరుగా రెండు పెన్‌డ్రైవ్‌లకు కాపీ చేసి, హ్యాష్ విలువ రాసుకుని, వీడియో తీసిన వ్యక్తి చేతే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే 65బి సర్టిఫికెట్ ఇప్పించారు. ఆ సర్టిఫికెట్ తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయవాదే ఇచ్చి ఉంటే పనికొచ్చేది కాదు, రికార్డు చేసిన పరికరం ఆయన చేతిలో లేదు కాబట్టి.

తర్వాత రాత. నాలుగు గడుల పట్టిక. మొదటి గడిలో నిమిషం, సెకను. రెండో దాంట్లో విన్నది విన్నట్టు తెలుగులో, యాస దిద్దకుండా, తడబాట్లతో సహా. మూడో దాంట్లో ఇంగ్లీషు అనువాదం. నాలుగో దాంట్లో ఆ మాట ఎఫ్ఐఆర్‌లో ఉందా లేదా. వినబడని చోట ‘వినబడలేదు’ అనే రాశారు, ఊహించి పూరించలేదు. 41 నిమిషాలకు ఇద్దరు మనుషులకు రెండున్నర రోజులు పట్టింది. ఒకరు రాస్తే ఇంకొకరు విడిగా విని సరిచూశారు, తేడా వచ్చిన ఆరు చోట్ల రెండు పాఠాలూ ఉంచారు. మనకు అనుకూలమైన ట్రాన్స్‌క్రిప్టులో మనకు ప్రతికూలమైన అనుమానాలూ కనిపిస్తేనే జడ్జి దాన్ని నమ్ముతారు.

అనువాదం దగ్గర పెద్ద చర్చ జరిగింది. ‘కూలగొడదాం’ను, కోర్టు ఒక ఉత్తర్వును కొట్టేసిందనడానికి వాడే ఇంగ్లీషు మాటగా మార్చేద్దామని ఒక జూనియర్ సూచన. ఒప్పుకోలేదు. మాటకున్న మామూలు అర్థం భవనం కూల్చడమే. దాన్ని మెత్తబరిస్తే అవతలి అనువాదకుడు పట్టుకుంటాడు, మిగతా పట్టిక మీదా నమ్మకం పోతుంది. మాట గరుకుగానే ఉండనిచ్చి, పైనున్న వాక్యం చేతనే అర్థం చెప్పించడం మంచిదనుకున్నారు. అదే పనిచేసింది.

పట్టిక రాస్తుండగానే క్లిప్‌లోని అతుకు దొరికింది. 19వ సెకనులో ఎడమ చేతిలో ఉన్న మైకు మరు క్షణం కుడి చేతిలో ఉంది. మధ్యలో ఎగిరిపోయింది నాలుగు నిమిషాల ప్రసంగం. ఆ రెండు ఫ్రేములను పక్కపక్కన ప్రింట్ తీసి ఒకే పేజీలో పెట్టారు. హైకోర్టులో ఎక్కువసేపు తెరిచి ఉన్న పేజీ అదే.

ఇబ్బందికరమైన వాక్యం

“అడుగు పెట్టనివ్వొద్దు” అన్నది మాత్రం పూర్తి ప్రసంగంలోనూ ఉంది. దాన్ని దాచడం కుదరదు, దాచకూడదు కూడా. దీనికి జవాబు భూసేకరణ చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. భూ యజమాని గానీ, ఆయన రాసిచ్చిన మనిషి గానీ లేనప్పుడు సర్వే చేయకూడదు. యజమాని లేకుండా చేయాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఉండాలి. ఇంట్లోకో, ఇంటిని ఆనుకున్న దొడ్లోకో రావాలంటే, ఉన్నవాళ్లు ఒప్పుకోకపోతే, ఏడు రోజుల ముందు రాతపూర్వక నోటీసు కావాలి. ప్రసంగంలో 23వ నిమిషం దగ్గర ఆయన ఈ సెక్షన్‌నే చదివి వినిపించారు. చివర్లో అన్న మాట దాని కొనసాగింపు. అంటే అది వృత్తిరీత్యా ఇచ్చిన న్యాయ సలహా, కాస్త ఆవేశంగా ఇచ్చిన సలహా. చట్టం పెట్టిన షరతును జనానికి చెప్పడం రాజద్రోహమైతే ఏ న్యాయవాదీ ఏ ఊళ్లోనూ నోరు విప్పలేడు. ‘ఊళ్లో’ అనడం సెక్షన్ పరిధి దాటిందని పీపీ అన్నారు. నిజమే, దాటింది. చట్టాన్ని కొంచెం ఎక్కువ చేసి చెప్పడం తప్పు సలహా అవుతుందేమో గానీ రాజద్రోహం కాదన్నది డిఫెన్స్ జవాబు.

ఫోన్, నోరు

ఈలోగా పోలీసులు ఆయన ఫోన్ తెచ్చివ్వమని 91 సీఆర్‌పీసీ నోటీసు ఇచ్చారు. న్యాయవాది ఫోన్‌లో ఉండేది ఆయన ఒక్కడి గుట్టు కాదు, ఎవిడెన్స్ చట్టం 126 కింద కాపాడాల్సిన కక్షిదారుల మాటలూ ఉంటాయి. నిందితుడి చేత అలాంటి నోటీసుతో సాక్ష్యం తెప్పించకూడదని శ్యామ్‌లాల్ చోక్సీ కేసులో 1964లోనే తీర్పు వచ్చింది. అది చూపిస్తూ రాతపూర్వక జవాబిచ్చి, దాంతోపాటే రెండో పెన్‌డ్రైవ్‌ను రసీదు తీసుకుని అప్పగించారు. రసీదు చాలా అవసరం. పూర్తి వీడియో ఏ తేదీ నుంచి పోలీసుల దగ్గర ఉందో తర్వాత చూపించింది అదే.

హైకోర్టు ముందస్తు బెయిల్ ఇచ్చింది. దాంతోపాటు, ఈ భూసేకరణ గురించి బహిరంగంగా మాట్లాడొద్దు, రాయొద్దు అనే షరతు. అరెస్టు భయం పోయిందన్న ఊరటలో షరతును అలా వదిలేశారు. అదో పొరపాటు. ఆ రైతులే ఆయన కక్షిదారులు, నలుగురు కలిసి వస్తే అది సలహానా సభనా అన్న సందేహంతో చాలాకాలం ఊరికి వెళ్లడమే మానేశారు. 2022 జులైలో పాత్రికేయుడు మహమ్మద్ జుబైర్ కేసులో, ట్వీట్లు పెట్టొద్దనే షరతు విధించడానికి సుప్రీంకోర్టు నిరాకరించాక, సవరణ పిటిషన్ వేసి షరతు తీయించారు. కనీసం కక్షిదారులతో సంప్రదింపులకు ఈ షరతు వర్తించదన్న స్పష్టత మొదటి రోజే అడిగి ఉండాల్సింది.

124ఏ ఆగింది, కేసు ఆగలేదు

2022 మే 11న చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం వొంబట్‌కెరె కేసులో 124ఏ ప్రొసీడింగ్స్ అన్నిటినీ నిలిపి ఉంచింది. కేసు ముగిసినట్టేనని చాలామంది ఫోన్ చేసి అభినందించారు. ఆ ఉత్తర్వులోనే, మిగతా సెక్షన్ల మీద నిందితుడికి నష్టం లేకపోతే విచారణ సాగవచ్చని ఉంది. పోలీసులు 124ఏను తొలగిస్తున్నట్టు మెమో వేసి, 153ఏ, 505(2) కింద ఛార్జిషీట్ దాఖలు చేశారు. మెమో వేస్తే సరిపోదు. మెజిస్ట్రేట్ దాన్ని రికార్డు చేస్తూ డాకెట్ ఆర్డర్ రాయాలి, దాని సర్టిఫైడ్ కాపీ మన ఫైల్లో ఉండాలి. ఇక్కడ మెమో ఏడు వారాలు కట్టలోనే ఉండిపోయింది. గుర్తుచేస్తూ దరఖాస్తు వేశాకే ఆర్డర్ వచ్చింది.

క్వాష్ పిటిషన్‌ను ఈసారి తలకిందులుగా రాశారు. ముందు పట్టిక, తర్వాత మైకు ఫొటోలు, తర్వాత 12వ సెక్షన్, ఆ తర్వాతే తీర్పులు. 153ఏకైనా 505(2)కైనా కనీసం రెండు వర్గాలుండాలని 1997లో బిలాల్ అహ్మద్ కాలూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అప్పీలు హైదరాబాద్ కేసులోంచే వెళ్లింది. ఈ ప్రసంగంలో రైతులు ఒకవైపు ఉన్నారు, రెండో వర్గం ఏది? రెవెన్యూ శాఖ వర్గం కాదు, మతమూ కులమూ భాషా కాదు. నినాదాలిచ్చినా దాని వెంట ఏమీ జరగకపోతే నేరం కాదన్న బల్వంత్ సింగ్ తీర్పు, 1995, దానికి తోడు. సభ తర్వాత ఆ ఊళ్లో ఒక్క గొడవా జరగలేదని పోలీసుల జనరల్ డైరీయే చెప్పింది.

అనుమతి వాదన ఇప్పుడు పక్వానికి వచ్చింది. 505(2)కి కలెక్టర్, అంటే జిల్లా మెజిస్ట్రేట్, అనుమతి సరిపోతుంది. 153ఏకి ప్రభుత్వ అనుమతే కావాలి. ఛార్జిషీట్‌లో ఉన్నది కలెక్టర్ది ఒక్కటే. అయినా దీన్ని చివరి గ్రౌండ్‌గానే పెట్టారు. ఆ ఒక్క కారణంతో కొట్టేయించుకుంటే, కొత్త అనుమతి తెచ్చుకుని మళ్లీ ఛార్జిషీట్ వేస్తారు. వర్గాలు లేవన్న కారణంతో పోతే మళ్లీ రాదు. హైకోర్టు ఈ వర్గాలు లేవన్న కారణంతోనే కొట్టేసింది.

బార్ కౌన్సిల్ ఫిర్యాదుది వేరే దారి. అడ్వొకేట్స్ చట్టం 35 కింద దుష్ప్రవర్తన, దానికి తోడు కేసులు రాబట్టుకోవడానికి సభలో మాట్లాడారంటూ బార్ కౌన్సిల్ 36వ నిబంధన. జవాబులో కథంతా చెప్పాలని ఆయనకు తహతహ. అక్కడ రాసే ప్రతి అక్షరం క్రిమినల్ కోర్టుకు చేరుతుంది కాబట్టి, జవాబు ఒకటిన్నర పేజీలోనే ముగిసింది: పూర్తి ట్రాన్స్‌క్రిప్టు, రైతుల ఆహ్వాన పత్రం, ఫీజు ప్రస్తావన ఎక్కడా లేదన్న మాట. ఎఫ్ఐఆర్ ఒక్కటే దుష్ప్రవర్తనకు రుజువు కాదన్నది చివరి పేరా. క్వాష్ ఉత్తర్వు దాఖలు చేశాక ఆ ఫిర్యాదూ మూతపడింది.

ఇదే కేసు ఇప్పుడు వస్తే

2024 జులై 1 నుంచి సెక్షన్లు మారాయి. 124ఏ లేదు, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 152 వచ్చింది. ప్రభుత్వంపై ద్వేషం అన్న మాట పోయి, దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రతకు ప్రమాదం అన్న మాటలు వచ్చాయి. యావజ్జీవం అలాగే ఉంది, దానికి బదులు వేయగల మూడేళ్ల జైలు ఏడేళ్ల వరకూ అయింది. నోటిఫికేషన్‌ను తిట్టిన ప్రసంగానికి ఈ సెక్షన్ పెట్టడం కాగితం మీద మునుపటికంటే కష్టం. కానీ ‘వేర్పాటు భావాలు’ అన్న పదాల వెడల్పు చూస్తే నిశ్చింతగా ఉండలేం. 153ఏ ఇప్పుడు 196, 505(2) ఇప్పుడు 353(2), అనుమతికి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 217. సీఆర్‌పీసీలోని పాత 482 క్వాష్‌కైతే, కొత్త 482 ముందస్తు బెయిల్‌కు. క్వాష్‌కు ఇప్పుడు 528. ఈ తికమకతో పిటిషన్లు రిజిస్ట్రీ నుంచి తిరిగొస్తాయి. పాత 65బి సర్టిఫికెట్ స్థానంలో ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టం 63 కింద రెండు భాగాలది కావాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి.

మేలు చేసే మార్పు ఒకటుంది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు బీఎన్ఎస్ఎస్ 173(3) ఇచ్చింది. మాటల మీద వచ్చే అలాంటి కేసుల్లో ఆ విచారణ చేయడమే సముచితమని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పు చెప్పింది. ఫిర్యాదు వెళ్లిందని తెలిసిన రోజే పూర్తి వీడియో, పట్టిక జతచేసి డీఎస్పీకి ఆ విచారణ కోరుతూ అర్జీ ఇవ్వడం ఇప్పుడు మా మొదటి అడుగు. 152 కూడా కలిపేస్తే ఆ తలుపు మూసుకుంటుంది, ఎందుకంటే దాని గరిష్ఠ శిక్ష యావజ్జీవం. అందుకే అర్జీ ఎఫ్ఐఆర్ కంటే ముందే చేరాలి.

ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఎఫ్ఐఆర్ అయ్యేనాటికి అభ్యంతరాల గడువులో ఇంకా నెలకు పైగానే మిగిలి ఉంది. ఆ నెలలో జిల్లా కోర్టు నుంచి ఇంకో న్యాయవాది ఎవరూ ఆ ఊరికి వెళ్లలేదు. వెళ్లాలనుకున్న ఇద్దరిని ఇంట్లోవాళ్లు ఆపారు. రైతుల్లో సగం మందికి పైగా అభ్యంతరం దాఖలు చేయకుండానే గడువు దాటిపోయింది. క్వాష్ ఉత్తర్వు వచ్చేనాటికి అక్కడ సర్వే రాళ్లు పాతేసి ఉన్నాయి.